మంచు క్రమ్మిన నదిలో నావికుని కాయకము

పన్నెండవ శతాబ్దమున శ్రీ బసవేశ్వరుని కాలమందు వెలసిన శివశరణులలో అంబిగర చౌడయ్య యొకడు. కన్నడమున అంబిగ యనగా పడవ నడపువాడు. నేటి కర్ణాటకమున హావేరి జిల్లాయందు, తుంగభద్రా తీరముననున్న చౌడయ్యదానపురము ఆయన పేరనే ప్రసిద్ధమైనది. పెక్కురు శరణులు తమ వచనముల చివర ఇష్టదైవ నామమును ముద్రికగా నిలుపగా, ఈ మహనీయుడు కాయకముతో గూడిన తన పేరునే ముద్రికగా నిలిపెను. పడవ నడుపుట హీనవృత్తి కాదనుటకు ఇంతకన్న నిదర్శన మేల?

అట్టి కాయకమునకు గొప్ప పరీక్ష మంచు దినములలో వచ్చును. శీతకాలపు రాత్రులందు నదీజలము కొంత వెచ్చగనే యుండగా పైగాలి చల్లబడును. నీటినుండి లేచిన ఆవిరి ఆ చలికి సూక్ష్మబిందువులై తెరవలె నిలుచును. వేకువజామున ఆవలి యొడ్డు కానరాదు. రేవునందలి జనులు మాత్రము తొందరింతురు. ఒకరికి సంతవేళ, మరియొకరికి ముహూర్తవేళ. “నిత్యము నడచు దారియే గదా” యని నావికుని యహంకారము కూడ తొందరించును. ప్రమాదము ఇచ్చటనే పుట్టుచున్నది. నావను ముంచునది మంచు కాదు; కానరాని దారిలో కానవచ్చినట్లు సాగించిన వేగమే.

తెలిసిన నావికుడు అవసరము లేనిచో కట్టు విప్పడు. ఎండ వచ్చి మంచు విడువరకు వేచియుండును. నడుమ మంచు క్రమ్మినచో, ఎదుట అడ్డము కనబడినంతనే నిలుపగల మెల్లని వేగమున పోవును. ఒకనిని పడవ ముందుభాగమున కూర్చుండబెట్టి చూడుమనును, వినుమనును. జనుల మాటలాపించి అలల చప్పుడును, ఎదుటి పడవ సవ్వడిని ఆలకించును. దిక్సూచిని నమ్మును గాని తన యూహను నమ్మడు. ఏలయన తిన్నగా పోవుచున్నామని మనసు చెప్పుచుండగనే పడవ ప్రక్కకు మరలిపోవుచుండును. గడతో లోతు చూచును. కేకతోనో గంటతోనో తన యునికిని ఇతరులకు తెలుపును. సముద్రనౌకలకు ఈ ధర్మము శాసనమే. నౌకలు ఢీకొనకుండుటకై 1972లో ఏర్పడి, 1977 నుండి అమలునందున్న అంతర్జాతీయ నియమముల ప్రకారము, మంచులో సాగు యంత్రనౌక 2 నిమిషములకు మించని వ్యవధులలో ఒక దీర్ఘధ్వని చేయవలెను. లంగరు వేసిన నౌక 1 నిమిషమునకు మించని వ్యవధులలో గంట వాయింపవలెను. దారి బొత్తిగా తెలియనిచో నావికుడు నావలు తిరుగు నడుదారి విడిచి లంగరు దించును. నిలుచుట పిరికితనము కాదు. తన్ను నమ్మి యెక్కిన ప్రాణములయెడ ధర్మము.

శరణబంధువులారా! సంసారనదియందును మంచు క్రమ్మును. కోపము, ఋణభారము, రోగము, ఆప్తుల వియోగము కలిగినప్పుడు ఇంటి యజమానునికి దారి కానరాదు. తొందర హెచ్చునదియు అప్పుడే. కోపములో అన్నదమ్ములు వేరుపడుదురు. పరువుకొరకు మరల అప్పు చేసి పెండ్లి చేయుదురు. దుఃఖములో తిరిగి తీసికొనరాని మాట యందురు. మంచు విడిచిన పిమ్మట చూడగా నావ రాతికి తగిలియుండును. ఆ నావలో యజమానుడొక్కడే లేడు. వృద్ధులైన తల్లిదండ్రులు, భార్యాబిడ్డలు నున్నారు.

వీరశైవునకు దిక్సూచి అరచేతియందే యున్నది. కరస్థలమున ఇష్టలింగమునుంచి దృష్టి నిలుపు సాధనమును శరణులు స్త్రీలకును, శ్రమజీవులకును సమముగా అందించిరి. దూరము కానరాని నాడు చేరువనున్న సత్యముపై చూపు నిలుపుమనుటయే దాని బోధ. గురువాక్యమును ఆలకించుట అలల సవ్వడి వినుట వంటిది. జంగమ సాంగత్యమున మనసు విప్పి పలుకుట గంట మ్రోగించుట వంటిది. కల్యాణమందలి అనుభవమంటపమున శరణులు కూడి తమ యనుభవములను, సందేహములను పంచుకొనిరి. తన కష్టమును లోలోన దాచుకొను గృహస్థుడు గంట మ్రోగింపని నావ వంటివాడు. అతడున్న చోటు తెలియక తనవారే వచ్చి తాకుదురు. పంచాక్షరి అతని లంగరు.

లింగపూజ చేసినంతనే మంచు తొలగునని తలపరాదు. సూర్యుడు తన వేళకే వచ్చును. అంతవరకు నావను స్థిరముగా నిలుపు ధైర్యమే పూజాఫలము. కావున దారి కానరాని దినమున పెద్ద నిర్ణయము చేయకుడు. ప్రాతఃకాల పూజ ముగించి, ఇంటివారితో చెప్పుకొని, గురువులను పెద్దలను అడిగి, ఆనాటి కాయకమును మాత్రము తప్పక చేయుడు. ఒడ్డు ఉన్నచోటనే యున్నది. కానరానంత మాత్రమున అది తొలగిపోలేదు.

శరణు శరణార్థి.