కుఫ్రు అను మాటకు తెనుగు అర్థమేమి?

కొరాను గ్రంథమును చేత బట్టి యెరుగనివారికి గూడ అందలి కాఫిరు అను మాట తెలియును. మన గ్రామములకు ఆ మాట ప్రార్థనతో రాలేదు, తగవుతో వచ్చినది. నేడు నాగర్‌కర్నూలు జిల్లాలో చేరియున్న కోడేరు మొదలగు గ్రామములు 1948 వఱకు హైదరాబాదు సంస్థానమునకు లోబడినవి. అచట ఉర్దూ రాజభాష. పీర్ల పండుగనాడు అలావా చుట్టు హిందువులును ముసల్మానులును గూడి యాడిన పల్లెలలోనే, పొలముగట్టుకడ పోరు పుట్టినప్పుడు ఈ మాట తిట్టుగా వినబడెను. పిలువబడినవాడు నొచ్చుకొనును. పిలిచినవాడు ఇది మా గ్రంథములోని మాటయే యనును. ఆ గ్రంథము దాని నెట్లు వాడినదో ఇరువురును చూడరు. చదువరులారా, మేమిచట చూడదలచినది అదియే.

అరబ్బీ భాషలో కాఫ్, ఫే, రే యను మూడక్షరముల ధాతువునకు మొదటి యర్థము కప్పుట. చీకటితో లోకమును కప్పును గనుక రాత్రియు కాఫిరే యని ప్రాచీన నిఘంటువులు చెప్పుచున్నవి. మంటితో విత్తనమును కప్పును గనుక రైతును కాఫిరే. కొరాను 57వ అధ్యాయము 20వ వాక్యమున ఐహికజీవితము వానకు పెరిగి, పిదప పసుపువన్నె తిరిగి, తుదకు పొట్టై పోవు పైరుతో పోల్చబడినది. ఆ పైరును చూచి మురియువారికి గ్రంథమిడిన పేరు కుఫ్ఫారు. గొఱ్ఱుతో విత్తి, వెంటనే గుంటక తోలి సాలు కప్పు కోడేరు రైతునకు ఈ మాట వివరింప బనిలేదు. కొందఱు వ్యాఖ్యాతలు ఇచటను అవిశ్వాసులే యని తలచిరి. లోకభోగమునకు మురియువారు వారే కదా యని వారి యుక్తి. మాకది పొసగినట్లు తోపదు. పైరును చూచి మురియుటకు విత్తినవానికంటె తగినవాడెవడు?

ఈ కప్పుట యనునది మనుష్యుని నడవడికి వచ్చునప్పటికి ఉపకారమును కప్పిపుచ్చుట యైనది. 14వ అధ్యాయము 7వ వాక్యమునందును, 2వ అధ్యాయము 152వ వాక్యమునందును కుఫ్రు అను మాట షుక్రు, అనగా కృతజ్ఞత, అను మాటకు ఎదురుగ నిలుపబడినది. అన్నిటికంటె స్పష్టమైన సాక్ష్యము 26వ అధ్యాయమున గలదు. తన యింట పెరిగిన మూసా తనకే యెదురుతిరుగగా, ఫిరౌను అతనిని కాఫిరులలో నొకడవని నిందించును. తానే దేవుడనని చెప్పుకొన్న ఫిరౌను ప్రవక్తను దైవద్రోహి యని నిందించుట యెట్లు? తిన్నయింటి ఉప్పు మఱచితివని యాతని యభిప్రాయము. మఱియొకచోట, 2వ అధ్యాయము 256వ వాక్యమున, అసత్యదైవములయెడ కుఫ్రు చేయుట మెచ్చుకొనబడినది. కావున ఈ మాట తనంతట దోషవాచకము గాదు. దేనిని కాదనుచున్నాడో దానిని బట్టి గుణదోషములు. పాపములను దేవుడు కప్పివేయుననుటకును ఈ ధాతువే వాడబడినది.

దీనికి బలమైన యాక్షేపణ యొకటి గలదు. ధాతువు వేఱు, అర్థము వేఱు. వాడుకయే అర్థమును నిర్ణయించును. మాట పుట్టుకను చూపి నేటి భావమును మాపరాదు అందురు. ఇది నిజము. అశోకుని శాసనములలో పాషండ శబ్దము ఏ మతసంఘమునకైనను చెల్లిన పేరు. అన్ని పాషండములను గౌరవింపవలెనని చెప్పు శాసనము కర్నూలు సీమలోని ఎఱ్ఱగుడి బండలమీదనే గలదు. తరువాత నదే తిట్టైనది. అశోకుని బిరుదమగు దేవానాంప్రియ పదమునకు పిమ్మటి సంస్కృతమున మూర్ఖుడను అర్థమే వచ్చినది! కొరానులోనే కుఫ్రు పెక్కుచోట్ల దేవుని, ప్రవక్తను తిరస్కరించుట యను అర్థమున నున్నదని మేమును ఒప్పుకొందుము. జపానుదేశపు పండితుడు తొషిహికో ఇజుత్సు 1959లో ప్రకటించిన గ్రంథమున కృతఘ్నత యను నర్థము విశ్వాసమునకు ప్రతియగు నర్థముగ మాఱిన తీరును చక్కగ చూపెను.

అయినను పాత యర్థము క్రొత్తదానిలో చావలేదు. తిరస్కారము నిందింపబడుటకు కారణము, మేలును ఎఱిగియు కప్పిపుచ్చుట. మనసునకు రూఢియైనను గర్వముచేత కాదన్నవారిని 27వ అధ్యాయము 14వ వాక్యము నిందించుచున్నది. అట్లైన, ఎఱుగనివాడు దేనిని కప్పును? ఇది మా కల్పన గాదు. 1111లో గతించిన ఇమాము గజాలీయే, ప్రవక్త సందేశము చేరని దూరదేశపు రోమకులును తురుష్కులును, వికృతరూపమున మాత్రమే వినినవారును క్షమార్హులని వ్రాసెను. పుట్టుకను బట్టి పొరుగువానికి ఈ పేరంటగట్టువారు అతని మాటకేమి యుత్తరము చెప్పుదురు?

ఇక తెనుగుసేత సంగతి. నాస్తికుడనుట తగదు, ఏలయన ఆకాశమును భూమిని సృజించినదెవరని యడిగిన ఆ మక్కావారు అల్లాయే యందురని 29వ అధ్యాయము చెప్పుచున్నది. దేవుడు లేడనువారు వారు కారు. నిజాము కొలువులో నుండి 1930లో ఆంగ్లానువాదమును ప్రకటించిన పిక్తాల్ దొర ఈ యొక్క ధాతువునకు చోటుకు తగినట్లు కృషీవలుడని, కృతఘ్నుడని, అవిశ్వాసి యని వేర్వేఱు మాటలు వాడెను. వంగదేశమున బ్రహ్మసమాజికుడగు గిరీశచంద్రసేనుడు 1881 మొదలు 1886 వఱకు కొరానును వంగభాషలో వెలువరించెను. తెనుగున ఆ పనికి మొదట పూనినవారు భాషాశాస్త్రజ్ఞులగు చిలుకూరి నారాయణరావుగారు. స్వమతము గానిదానిని శ్రమించి చదివి తమవారికందిచ్చిన వీరిని ఏ యర్థమున కాఫిరులందుము?

2019లో ఇండొనీషియాదేశపు పెద్ద ముసల్మాను సంఘమగు నహదతుల్ ఉలమా, ముసల్మానులు కాని పౌరులను కాఫిరులని పిలువరాదని తీర్మానించెను. వారు గ్రంథమునుండి మాటను తీసివేయలేదు. వీధిలో దానిని పొరుగువానిపై వాడవలదనిరి.

తెనుగు ప్రతిలో విత్తుచోట రైతనియు, ఉపకారము చెప్పుచోట కృతఘ్నుడనియు, ప్రవక్తను కాదన్నచోట తిరస్కరించువాడనియు వ్రాసి, ప్రతిచోటను అంచున అరబ్బీ మాటనే యుంచుట మా మతము. 109వ అధ్యాయపు మొదటి వాక్యమున మాత్రము చిక్కు మిగులును. అచట కాఫిరులను ముఖాముఖి పిలిచి, తుదను ఎవరి మార్గము వారికని విడుచుట గలదు. తిరస్కరించువారలారా యని పిలిచినచో ఆ ముగింపునకు కొంత సరిపడును.