రోడ్డెక్కే పాత యెజ్డీ
రావులపాలెం వద్ద గౌతమి వంతెన దాటే జాతీయ రహదారి దూరప్రయాణపు మోటారు సైకిళ్లకు ఎంత అనువైనదైనా, కాలువలూ కొబ్బరితోటలూ నిండిన డెల్టా గాలిలోని తేమ, వసారాలో ఏళ్ల తరబడి నిలిచిన బండిని మెల్లగా తినివేస్తుంది. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడే వరకు తయారైన యెజ్డీ రోడ్‌కింగ్ వంటి బండిని తిరిగి నడిపించదలచినవారు మొదట పరీక్షించవలసింది పెట్రోలు ట్యాంకులోని తుప్పునే. ఆ తుప్పురజను కార్బురేటర్‌లోకి, అంటే పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగంలోకి చేరి, సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు కలిపే ఇథనాల్ నీటిని పీల్చుకునేది కనుక, బండిని నెలల పాటు కదలనీయకపోతే ట్యాంకు మరింత తుప్పు పడుతుంది, పాత రబ్బరు గొట్టాలూ దెబ్బతింటాయి. యెజ్డీది టూస్ట్రోక్ ఇంజను, అనగా పిస్టన్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి కదలగానే ఒక శక్తిచక్రం పూర్తయ్యేది. దాని పిస్టన్‌కు కందెన పెట్రోలులో కలిపిన ఆయిల్ నుంచే అందుతుంది కాబట్టి, ఆ పాలు తగ్గితే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోతుంది. రంగు వేయించడానికి ముందు వీటికి ఖర్చు పెట్టడమే సమంజసం. అయితే సొంత వాహనానికి 15 ఏళ్లు నిండాక తనిఖీ చేయించి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకున్నప్పుడే దానిని రహదారిపై నడిపే హక్కు యజమానికి ఉంటుంది.