రోడ్డు మన మీదుగా పోతున్నదా, మన దాకా వస్తున్నదా?

గుడిహత్నూర్ దగ్గర జాతీయ రహదారి దిగి తూర్పుకు మళ్లితే ఇంద్రవెల్లి, ఉట్నూర్ వస్తాయి. ఆ పైన కవ్వాల్ అడవి గుండా జన్నారం, దండేపల్లి దాటి లక్సెట్టిపేట చేరుతాం. ఆ తర్వాత గోదావరి దాటితే పాత కరీంనగర్ జిల్లా. పటం మీద ఇది చిన్న గీత. కానీ ఆదివాసీలుగా మనం ఆలోచించాల్సిన పెద్ద ప్రశ్న ఈ గీత మీదే ఉంది. ఒక రోడ్డు న్యాయమైనదో కాదో దేన్నిబట్టి చెప్పాలి?

తారు పడకముందే ఈ నేల మీద నడక ఉంది. ఇంద్రవెల్లి దగ్గరి కేస్లాపూర్ నాగోబా కోసం మెస్రం వంశస్థులు ఏటా చెప్పుల్లేని కాళ్లతో జన్నారం మండలంలోని హస్తినమడుగు దాకా నడిచి గోదావరి జలం తెస్తారు. దారిలో ఊరూరా ఆగుతారు, రాత్రి అక్కడే ఉంటారు. నడిచేవాళ్లకు ఊరు ఒక మజిలీ. మోటారులో పోయేవాళ్లకు అదే ఊరు ఒక స్పీడ్ బ్రేకర్.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము అమరుడైన తర్వాత నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను ఇక్కడికి పంపింది. మార్లవాయిలో ఆదివాసీ ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, చాలామందికి పట్టాలు వచ్చాయి. కొన్ని దశాబ్దాల తర్వాత మళ్లీ వచ్చిన ఆయన, ఆ భూముల్లో ఎన్నో బయటివాళ్ల చేతుల్లోకి పోవడం చూసి పుస్తకంలో రాశాడు. ఆశ్రమ పాఠశాలకు పంతులును, దవాఖానకు మందులను తెచ్చిన దారినే వడ్డీ వ్యాపారి, భూమి కోసం వచ్చినవాడు కూడా వచ్చారు. 1970లో వచ్చిన 1/70 చట్టం ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్నది. అయినా భూమి కోసం జనం కదలాల్సి వచ్చింది. 1981 ఏప్రిల్ 20న, అంగడి రోజున, ఇంద్రవెల్లిలో సభకు వచ్చినవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. అంతకన్నా చాలా ఎక్కువమంది అని మనవాళ్లు చెబుతారు.

ఇదంతా చూసి కొందరు అసలు రోడ్డే వద్దంటారు. పురిటినొప్పులు పడుతున్న తల్లిని వానాకాలంలో ఎడ్లబండి మీద, మంచం మీద తీసుకుపోయే గూడెంలో నిలబడి ఆ మాట అనగలమా? మరికొందరు రోడ్డు పడితే చాలు అభివృద్ధి వచ్చినట్టే అంటారు. భూమి పోగొట్టుకున్నవాడికి తన చేను పక్కనుంచి పోయే బస్సు ఏం మేలు చేస్తుంది? ఇద్దరూ రోడ్డునే చూస్తున్నారు, దాని పక్కన బతికేవాళ్లను చూడడం లేదు.

కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించారు. జన్నారం అడవిలో రాత్రిపూట పెద్ద వాహనాలకు ఆంక్షలు పెట్టారు. పులి కోసం లారీ ఆగడం తప్పేమీ కాదు, అడవి మనకూ ఇల్లే. అయితే దీనిలో మనం గమనించాల్సిన నీతి ఒకటుంది. వేగంగా దాటిపోయేవాడి అవసరం కన్నా అక్కడ బతికే ప్రాణి అవసరం ముందు అని సర్కారే ఒప్పుకున్నది. ఆ నీతి పులి దగ్గరే ఆగిపోకూడదు. గూడెం మనిషికీ వర్తించాలి.

దీనికి చట్టంలోనూ చోటుంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఊరికి కావాల్సిన రోడ్డు, బడి, దవాఖాన వంటి పనులకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, గ్రామసభ సిఫారసు ఉండాలి. 1996 పెసా చట్టం కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలంటుంది. అంటే రోడ్డు అడిగే నోరు, ఇటు వద్దు అటు వేయండి అని చెప్పే నోరు రెండూ గ్రామసభవే. రోడ్డుకు కంకర ఎంత అవసరమో ఊరి ఒప్పుకోలు అంత అవసరం.

కాబట్టి రోడ్డును వెడల్పుతో, వేగంతో కొలవకూడదు. గూడెం నుంచి బయలుదేరినవాళ్లు బడికో, దవాఖానకో, అంగడికో పోయి పొద్దుగూకేలోపు ఇంటికి తిరిగి రాగలుగుతున్నారా? తిరిగి వచ్చేసరికి వాళ్ల భూమి వాళ్లదిగానే ఉంటున్నదా? ఈ రెండూ అడగాలి. తరగతి గదిలో జిల్లా పటం గీయించే పంతుళ్లు ఈ రోడ్డుతో ఆపకుండా, పిల్లలు తమ గూడేల నుంచి దాని దాకా నడిచి వచ్చే బాటలను కూడా గీయించాలి. ఏ బాట ఏ వాగు దగ్గర తెగిపోతున్నదో ఆ పటంలో కనిపిస్తుంది. వచ్చే గ్రామసభలో ముందుగా పెట్టాల్సిన కాగితం అదే.