పర్ణశాలలో పసిబిడ్డలు

చదువవలసిన భాగములు: లేవీయకాండము 23:39–43, ద్వితీయోపదేశకాండము 31:10–13, నిర్గమకాండము 10:7–11, నెహెమ్యా 8వ అధ్యాయము



వానలు వెనుకపట్టు పట్టుచున్న దినములివి. భాద్రపదము దాటి ఆశ్వయుజము వచ్చినది. వరి చేలు పచ్చగా నిలిచి, ముందుగా నాటిన చోట్ల పొట్టకు వచ్చుచున్నవి. జొన్నచేలలో మంచెలు లేచినవి. పత్తి మొదటి కాయలు పగులుచున్నవి. చేనిలో పని మెండు, చేతిలో పైకము కొంచెము. పంట ఇంకను చేలోనే యున్నది గాని అప్పు మాత్రము ముందుగానే ఇంటిలోనికి వచ్చి కూర్చున్నది. ఇట్టి నెలలో చిన్నపిల్లలుగల ఇల్లు ఎట్లుండునో మీకు మేము చెప్పనక్కరలేదు. తెల్లవారకముందే తల్లి లేచి పొయ్యి రాజేయును. చంటివాడు చంక దిగనని యేడ్చును. రెండవవానికి జలుబు. పెద్దది చింపిరి జుట్టుతో బడిసంచి వెదకుకొనుచుండును. తండ్రి మందు కొట్టు డబ్బా వీపున తగిలించుకొని ఎవరితోను మాటలాడక బయలుదేరును. సాయంకాలమున అందరును అలసి వచ్చి, ఇంత తిని, పడుకొందురు. ఇంటిలో ప్రార్థన జరుగుచున్నదా అని అడిగినయెడల, "కోతలు కానిండయ్యగారూ" అని జవాబిత్తురు.

ఈ జవాబునుగూర్చియే ఈ నెల ధ్యానింపగోరుచున్నాము. అది సోమరి మాట కాదు. పని చేసి చేసి నడుము విరిగినవారు చెప్పు మాట. అయినను, కోతలైన తరువాత ప్రార్థన, కోతలైన తరువాత పిల్లలు అని మనము వాయిదా వేయుచున్నప్పుడు, ఇదే ఋతువులో దేవుడు ఇశ్రాయేలీయులకు ఏమి నియమించెనో చూడవలసియున్నది.

వారి యేడవ నెల పదునైదవ దినమున పర్ణశాలల పండుగ ఆరంభమగును. మన లెక్కలో అది సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వచ్చును. ఏడు దినములు ఇల్లు విడిచి ఆకుల పందిళ్లలో కాపురముండవలెను. పండుగలో ఎవరెవరు సంతోషింపవలెనో ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయములో వరుసగా చెప్పబడియున్నది. ఇంటి యజమానుడు, వాని వెంటనే వాని కుమారుడు, వాని కుమార్తె, తరువాత దాసదాసీలు, లేవీయుడు, పరదేశి, తలిదండ్రులు లేనివారు, విధవరాండ్రు. కుమార్తె పేరు విడువబడలేదు. దీనిని జ్ఞాపకముంచుకొనుడి, మరల దీనియొద్దకు వత్తుము.

వారికది పంట ఇంటికి చేర్చుకొనిన కాలము గదా, మనకు పంట ఇంకను రాలేదు గదా అని మీరనవచ్చును. న్యాయమైన మాటయే. వారి దేశములో వాన క్రమమును మన దేశపు క్రమమును ఒకటి కావు. మనకు తొలకరి జ్యేష్ఠమాసములో వచ్చును. వారికి ఆ మొదటి వాన ఈ పండుగ దాటిన తరువాతనే పడవలసియున్నది. మన తెలుగు బైబిలులో దానిని కూడ తొలకరియనియే వ్రాసిరి గనుక మన రైతులు చదివి జ్యేష్ఠమాసమనుకొందురు. కాబట్టి వారు పండుగ చేసికొనునప్పుడు వచ్చు సంవత్సరపు వాన పడునో పడదో ఎరుగరు. అయితే దీనికంటె గట్టి జవాబు మోషే మాటలలోనే యున్నది. ప్రతి యేడవ సంవత్సరమునకు సంబంధించిన పర్ణశాలల పండుగలో ధర్మశాస్త్రమును ప్రజలందరి యెదుట చదివి వినిపింపవలెనని అతడు నియమించెను. ఆ యేడవ సంవత్సరమేది? భూమిని బీడుగా విడిచిన సంవత్సరము. విత్తలేదు, కోయలేదు. అనగా కోతలే లేని యేట, గాదెలో పాత గింజలతో కాలము గడుపుచున్న యేట, పురుషులను స్త్రీలను పిల్లలను పరదేశులను కూడబెట్టి వాక్యము వినిపింపుమని ఆజ్ఞ. కారణము కూడ చెప్పెను. ఇంకను ఏమియు ఎరుగని వారి సంతతివారు విని నేర్చుకొనవలెనట. పంట బాగున్న యేటి వరకు పిల్లల చెవులు వేచియుండవని దేవునికి తెలియును. పిల్లవాని మూడవ యేడు ఒక్కసారియే వచ్చును. మంచి పంట వచ్చునంతవరకు వాడు మూడేండ్లవాడుగా నిలిచియుండడు.

ఇంతకును దేవుడు ఏడు దినములు పందిరిలో ఎందుకు పండుకొనుమనెను? ఉపదేశమొక్కటియే చాలునని ఆయన తలంచినయెడల ఒక ప్రసంగము నియమించి యుండును. ఒలీవ కొమ్మలు, గొంజి కొమ్మలు, ఈతమట్టలు కొండనుండి తెచ్చి పందిరి వేయుట పెద్దలకు శ్రమయే. పిల్లలకు మాత్రము అంతకంటె వేడుక మరొకటి లేదు. మన పిల్లలనే చూడుడి. జొన్నచేని మంచె యెక్కుటకు, వడిసెల తిప్పి పిట్టలను తోలుటకు, ఆ పాకలో సద్దిమూట విప్పి తినుటకు ఎంత ఆశపడుదురు! యెషయా ప్రవక్తకును దోసతోటలోని కావలి పాక తెలియును; తన గ్రంథపు మొదటి అధ్యాయములోనే దానిని జ్ఞాపకము చేసెను. ఆకుల సందుల గుండ నక్షత్రములు కనబడుచుండగా, "నాయనా, ఇల్లుండగా మనమిక్కడ ఎందుకు పడుకొంటిమి?" అని పిల్లవాడు అడుగక మానడు. అప్పుడు తండ్రి ఐగుప్తును గూర్చి చెప్పవలెను. పస్కాయైనను, యొర్దానులోనుండి తెచ్చి నిలిపిన రాళ్లయైనను ఇదే విధము. పిల్లలు అడుగుదురని దేవుడు ముందే యెరిగి, అడుగుటకు తగిన వస్తువును వారి కన్నులయెదుట పెట్టి, జవాబు చెప్పు పని తలిదండ్రుల కప్పగించెను.

ఈ దినములలో మన పిల్లలును ఒక ప్రశ్న అడుగుచున్నారు. తెలంగాణ పల్లెలలో పొరుగింటి ఆడపిల్లలు తంగేడు పూలు, గునుగు పూలు ఏరి తెచ్చి బతుకమ్మను పేర్చుచుందురు. అంతటను దసరా సెలవులు. "అమ్మా, మన పండుగ ఎప్పుడు?" అని మన బిడ్డ అడుగును. "నోరు మూసికొని పడుకో" అనుట జవాబు కాదు. పొరుగువారి పండుగను ఎగతాళి చేయుటయు జవాబు కాదు. అందువలన బిడ్డ ఎగతాళి నేర్చుకొనును గాని దేవుని నేర్చుకొనడు. ఆ ప్రశ్నకు మనయింట చూపదగినది ఏదో యొకటి యుండవలెను. వండుటకు ముందు పిడికెడు బియ్యము తీసి ప్రభువు కుండలో వేయు అలవాటు మన పల్లె సంఘములలో పూర్వమునుండి కలదు. ఆ పిడికెడు తల్లి వేయక నాలుగేండ్ల బిడ్డచేత వేయించినయెడల ఎంత బాగుండును! వాని పిడికిలి చిన్నది. గింజలు సగము నేలపాలగును, కోళ్లు తినును. తిననీయుడి. వాడు మూడవ దినమున "ఎందుకు వేయవలెను?" అని అడుగును. మీరు కోరినది అదియే గదా.

సాయంకాల ప్రార్థన దీర్ఘముగా నుండనక్కరలేదు. అలసిన ఇంటిలో ఒక కీర్తనలో ఒక చరణము, నాలుగు వచనములు, ఒక్కొక్క బిడ్డ పేరు చెప్పి రెండు మాటల ప్రార్థన చాలును. నడుమ చంటివాడు దీపము పట్టుకొనబోవును, పెద్దవాడు కునికిపాట్లు పడును. ఎజ్రా తెల్లవారినది మొదలు మధ్యాహ్నము వరకు ధర్మశాస్త్రము చదివినప్పుడు, గ్రహింపగలవారందరు అచ్చట నిలిచియుండిరని వ్రాయబడినది. తల్లులున్నచోట చంకబిడ్డలు లేకుందురా? వారు ఏడ్వకుందురా? ఆలయములో పసిబిడ్డ ఏడ్చినంతనే తల్లివైపు గ్రుడ్లురిమి చూచు పెద్దలు కొందరు ప్రతి సంఘములోను ఉన్నారు. వారు మార్కు సువార్త 10వ అధ్యాయము చదువవలెను. పిల్లలను తెచ్చినవారిని శిష్యులు గద్దించినప్పుడు ప్రభువు కోపపడెను. ఆయన కోపము పిల్లలమీద కాదు, శిష్యులమీద.

మరియొక సంగతి. నెహెమ్యా దినములలో జనులు తమ ఇండ్ల మిద్దెలమీద పర్ణశాలలు వేసిరి. మిద్దెమీద పిల్లలాడుకొనునప్పుడు పడిపోరా? ఇందుకును దేవుడు ముందే ఏర్పాటు చేసెను. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని, లేనియెడల పడి చచ్చినవాని రక్తాపరాధము ఆ ఇంటిమీద నుండునని ద్వితీయోపదేశకాండము 22:8లో ఉన్నది. అది భక్తికి వేరైన సంగతి కాదు, అదే ధర్మశాస్త్రములోని మాట. వానలు వెనుదీయు ఈ నెలలలో మన పిట్టగోడలేవి? డెంగీ జ్వరము తెచ్చు దోమ మురికిగుంటలోకంటె మనము నిలువచేసికొనిన మంచి నీటిలోనే యెక్కువగా గ్రుడ్లు పెట్టును, పగటివేళ కరచును. కాగునీళ్లు, తొట్టినీళ్లు వారమునకొక దినము పారబోసి, తోమి, ఆరబెట్టినయెడల దాని పిల్లలు పెరుగవు. శనివారము ఆలయము ఊడ్చునప్పుడే ఇంటి తొట్టియు తోముకొనుడి. కట్లపాము రాత్రివేళ నేలమీద పడుకొనినవారిని కరచును. నొప్పియు తెలియదు, గాటును సరిగా కనబడదు. పక్క క్రిందికి చెక్కి కట్టిన దోమతెర పిల్లలకు రెండు విధముల కాపుదల. ఒకవేళ కరచినయెడల మంత్రము వేయువాని యింటికి పోయి ఒక్క గడియయైనను పోగొట్టుకొనక, విషమునకు విరుగుడు సూదిమందు ఇచ్చు ప్రభుత్వ ఆసుపత్రికి బిడ్డను తీసికొనిపొండి. దారిలో ప్రార్థన చేయుడి, ప్రార్థనకొరకు ఆగకుడి.

ఇప్పుడు ఆ కుమార్తె సంగతి. పై కుటుంబములో పెద్దది బడిసంచి వెదకుకొనుచున్నదంటిమి. చాల ఇండ్లలో ఈ నెలనుండి ఆమె సంచి వెదకదు. తల్లి పత్తి తీయ పోవలెను. చంటివానిని ఎవరు చూతురు? పది యేండ్ల పిల్ల చూచును. కొన్ని సీమలలో విత్తనపత్తి చేలలో క్రాసింగు పనికి ఆడపిల్లలను పంపుదురు. పువ్వులు త్రుంచుటకు చిన్న వ్రేళ్లు మంచివని, పొట్టి పిల్లకు మొక్క అందునని చెప్పుదురు. ముందుగా అప్పు తీసికొంటిమి, మాట తప్పరాదు అందురు. దసరా సెలవులకు పోయినది సంక్రాంతికి గాని బడిముఖము చూడదు. చూచినప్పుడు పాఠములు దాటిపోయి, సిగ్గుపడి, మరి పోదు. ఆరు మొదలు పదునాలుగు ఏండ్ల పిల్లలకు ఉచితముగా నిర్బంధ విద్య ఇయ్యవలెనను చట్టము 2009లో చేయబడి 2010 ఏప్రిలులో అమలులోనికి వచ్చినది. పదునాలుగేండ్లలోపు పిల్లలను ఏ పనిలోను కూలికి పెట్టరాదని 2016లో చట్టము మార్చబడినది. చట్టమున్నది, చేనిలో పిల్లయు ఉన్నది.

ఇచ్చట మేము తలిదండ్రులను నిందింప బూనుకొనలేదు. అప్పిచ్చిన ఇంటికి సమాధానము చెప్పలేక తల వంచుకొని నిలుచుట ఎట్టిదో ఆ తండ్రికే తెలియును. అయినను నిర్గమకాండము 10వ అధ్యాయము చదువుడి. ఏడు తెగుళ్లు పడి, మిడతలు వచ్చునని మోషే చెప్పిన తరువాత ఫరో ఒక బేరమాడెను. ఎవరెవరు పోవుదురని అడుగగా మోషే, చిన్నలును పెద్దలును, కుమారులును కుమార్తెలును, మందలును అన్నియు పోవలెననెను. ఫరో ఒప్పుకొనలేదు. పురుషులు మాత్రము పోయి ఆరాధింపవచ్చును, పిల్లలు ఇక్కడనే యుండవలెనని అతని తాత్పర్యము. పిల్లలు తన చేతిలోనుండగా పెద్దలు ఎంత దూరము పోయినను తిరిగి వత్తురని ఆ రాజుకు బాగుగా తెలియును. మోషే ఆ బేరమునకు లోబడలేదు. ఆదివారము మనము ఆలయములో కీర్తనలు పాడుచుండగా మన పిల్ల పరుల చేనిలో వంగియున్నయెడల, ఫరో అడిగినది ఇచ్చివేసి ఆరాధనకు వచ్చినవారమగుదుము. ఆ యేడు దినములు కుమార్తెయు కూడ ఆకుపందిరి క్రింద కూర్చుండి సంతోషింపవలెనని దేవుడు వ్రాయించినది, ఐగుప్తు ఇటుకలచోట పుట్టిన జనమునకే.

ఆ పందిరిలోనికి ప్రభువే వచ్చెను. యోహాను సువార్త మొదటి అధ్యాయములో వాక్యము శరీరధారియై మనమధ్య నివసించెనని చెప్పుచోట, గ్రీకు మాటకు గుడారము వేసికొనెనని అర్థము. ఆయన పెద్దవాడై దిగిరాలేదు. చంటిబిడ్డయై, తల్లి చంకలో, పనిచేసి బ్రతుకు ఇంటిలో పెరిగెను. జ్వరము వచ్చిన బిడ్డయొద్ద మేలుకొనియున్న తల్లి ఎవరికి మొఱపెట్టుచున్నదో ఆయనకు ఆ ఇంటి సంగతి వినికిడివలన తెలిసినది కాదు.

కాబట్టి పని చెప్పుచున్నాము. ఒంటరి ఇల్లు చేయలేనిది సంఘము చేయగలదు. మూడేండ్లు దాటిన పిల్లలను అంగన్‌వాడీకి పంపుడి. అక్కడ తిండియు ఆటయు కలవు. అంతకు చిన్నవారిని పత్తి తీయు ఈ ఆరు వారములు ఆలయపు వరండాలో చూచుటకు, చేనికి పోలేని ముసలమ్మలు ఇద్దరేసి వంతులు వేసికొనుడి. రెండు చీరలతో ఊయలలు కట్టుడి. మధ్యాహ్నమునకు గంజి, ఒక కుండ కాచిన నీళ్లు సంఘము ఇయ్యవచ్చును. ప్రభువు కుండలోని పిడికెడు బియ్యము అందుకు వాడుట తప్పు కాదని మా అభిప్రాయము. నెహెమ్యాయు ఆ పండుగ నెలలోనే, ఏమియు సిద్ధము చేసికొననివారికి వంతులు పంపుడని చెప్పెను. అప్పు విషయము బరువైనది గనుక పెద్దలు ఇద్దరు ఆ తండ్రితో కూడ అప్పిచ్చినవారి యింటికి నడచి వెళ్లి, పిల్ల పనికి బదులు మరియొక గడువు అడుగుడి. ఒక్కడే వెళ్లినప్పుడు వినని మాట ముగ్గురు వెళ్లినప్పుడు విందురు. వచ్చు ఆదివారము ఆరాధన ముగిసినంతనే, ఏ ఇంట ఏ బిడ్డ బడి మానినదో పెద్దలు నిలువబడి అడిగి, పేరు పేరున వ్రాసికొని, సోమవారము ఉదయమున ఆ బిడ్డలను చేయిపట్టుకొని బడికి నడిపింతురు గాక.