ఫలక్‌నుమా కట్టినాయనకే తప్పలేదు

ఆ ఫోను పక్కన పెట్టి కూర్చో బిడ్డా. పెళ్లికి లోను తీస్తున్నావట, మీ అమ్మ చెప్పింది. డ్రోను, సంగీత్, ఇరవై రెండు ఐటమ్‌లు, వచ్చినోళ్లందరికీ వెండి కుంకుమ భరిణె! అడిగితే మేనేజర్ కొడుకు పెళ్లి చూడాల్సింది అంటున్నావట. అమ్మానాన్నలు నలుగురిలో తలెత్తుకోవాలనే నీ ఆరాటం, నాకు తెలుసు. కానీ తొందరపడుతున్నావు.

మన మీర్‌పేట నుంచి ఫలక్‌నుమా ఎంత దూరమని? ఆ ప్యాలెస్ కట్టించింది నిజాం కాదు, ‘పైగా’ అనే వంశపు అమీరు వికారుల్ ఉమ్రా. 1884లో మొదలుపెట్టాడు. ఇటలీ పాలరాయి, 101 మంది కూర్చునే భోజనాల బల్ల. ప్రధానిగా కూడా చేసిన మనిషి, అంత ఆస్తిపరుడు, ఆ ఇంటితో అప్పులపాలయ్యాడు. చివరికది ఆరో నిజాం చేతికి పోయింది. ఆ నిజాం కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌ను ప్రపంచంలోకెల్లా ధనవంతుడని 1937లో టైమ్ పత్రిక అట్ట మీద వేసింది. ఆయనేమో పాత టోపీతోనే గడిపాడు. ఆ సంపద వెనక రైతుల చెమట ఉందని మరవను, కానీ ఆయన 1918లో పెట్టిన యూనివర్సిటీలోనే కదా మీ నాన్న డిగ్రీ చేసింది!

మీ మేనేజర్ పెట్టింది మిగిలిన డబ్బు. నువ్వు పెట్టేది ఇంకా చేతికి రాని జీతం. మొన్న ఫంక్షన్ హాల్లో చూశాను. ఒక పిల్లాడు ప్లేటు నిండా వడ్డించుకుని, రెండు ముద్దలు తిని, మిగతాదంతా టబ్బులో పడేశాడు. పెద్దవాళ్లు లైన్లో నిలబడి, కవరిచ్చి, ఫొటో దిగి, ఎల్బీనగర్ మెట్రో అందుకోవాలని పరుగెత్తారు. మంటపానికి ఏ పూలు కట్టారో ఎవరైనా చూశారా? వాళ్ల కోసమా నీకు ఐదేళ్ల కిస్తీ?

లోను చాలకపోతే మీ అమ్మ చిట్టీలు కట్టి కొన్న ప్లాటు తాకట్టుకు పోతుంది. రేపు కోడలు నెల తప్పితే ఆస్పత్రి ఖర్చులుంటాయి. జీతం పడగానే కిస్తీ కోసుకుపోతే ఇంట్లో మాటా మాటా పెరుగుతుంది. ఆ కొత్త పిల్ల ఏం పాపం చేసింది, చెప్పు?

భోజనం మాత్రం కడుపునిండా పెట్టు, అక్కడ చెయ్యి కుదించకు. ముందు అమ్మాయితో మాట్లాడు, ఆమెకు డ్రోను కావాలో వద్దో అడిగావా అసలు? ఆదివారం ఖర్చుల కాగితం పట్టుకురా. ఇద్దరం కూర్చుని భరిణెల దగ్గర్నుంచి కొట్టేసుకుంటూ వద్దాం.