సాక్ష్యం ఎవరు, ఎవరికి?

మొన్న లాప్‌టాప్‌కి మదర్‌బోర్డు మార్పించి తెచ్చుకుని ఆన్ చేస్తే, 48 అంకెల రికవరీ కీ అడిగింది. డబ్బు పోసి కొన్నది నేను, లోపలున్నవి నా ఫోటోలు, నా రాతలు. అయినా నేనెవరో నేనే రుజువు చేసుకోవాలి. ఆ కీ ఎప్పుడో కాగితం మీద రాసిపెట్టుకోబట్టి గట్టెక్కాను.

నిదానంగా ఆలోచిస్తే నా కోపంలో న్యాయం లేదు. డిస్కు తాళంచెవిని కాపాడేది బోర్డు మీది టీపీఎం అనే చిప్పు. కంప్యూటర్ లేచేటప్పుడు ఏమేం నడిచాయో దాని కొలతలు అందులో నమోదవుతాయి. అవి మునుపటిలాగే ఉంటేనే చెవి ఇస్తుంది. పాత బోర్డుతో ఆ చిప్పూ పోయింది. నాకూ దొంగకూ తేడా చూడకపోవడమే దాని మంచితనం.

అసలు పేచీ దాని రెండో పనితో. ఈ కంప్యూటర్లో ఏం నడుస్తోందో దూరాన ఉన్న సర్వర్‌కి సంతకం పెట్టి మరీ చెప్పగలదు. దీన్ని రిమోట్ అటెస్టేషన్ అంటారు. ఆ సంతకాన్ని నమ్మడానికి ఆధారం తయారీలోనే చిప్పుకి దక్కిన ఒక రహస్యం. యజమాని కూడా దాన్ని చూడలేడు. దీన్నే రిచర్డ్ స్టాల్‌మన్ 2002లో నమ్మకద్రోహం అన్నాడు. మరుసటి ఏడు సేత్ షోయెన్ ఒక మార్గం చూపించాడు: యజమాని కావాలనుకుంటే, ఏం నడుస్తోందన్నది చిప్పు చేత తనకు నచ్చినట్టు చెప్పించుకోగలగాలి. అంటే, నా యంత్రం చేత నా తరఫున అబద్ధమాడించే హక్కు!

వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0 ఆన్‌లో ఉండాలి. మోసగాళ్ళను ఆపడానికే అది. ఎదుటి ఆటగాడికి మోసపోకుండా ఉండే హక్కు ఉంది కదా? అక్కడ నా చిప్పు అబద్ధమాడితే నష్టపోయేది అతను.

కాబట్టి తప్పు సాక్ష్యంలో లేదు. ఎవరు ఎవరికి చెప్పాలన్న దగ్గర ఉంది. 2017లో సిగ్నల్ ఇదే విద్యను తిరగేసింది. మన ఫోన్లోని నంబర్లను సరిపోల్చే ప్రోగ్రాం ఏదో సర్వరే మన ఫోన్‌కి రుజువు చూపించే ఏర్పాటు చేసింది. దానికి ఇంటెల్ చిప్పును నమ్మాల్సిందే, నిజమే. అయినా అక్కడ సంజాయిషీ చెప్పుకునేది బలవంతుడు. మామూలుగా జరిగేది దీనికి తలకిందులు: నా ఇంట్లో ఏముందో వాళ్ళకి తెలియాలి, వాళ్ళ సర్వర్లో ఏముందో నాకు తెలియనక్కర్లేదు.

ఆటలో కూర్చున్నవాడు ఆట నియమాలకు ఒప్పుకోవచ్చు. ఇష్టం లేకపోతే లేచిపోతాడు. రేపు బ్యాంకో, ప్రభుత్వ ఆఫీసో అదే సంతకం అడిగితే లేచి ఎక్కడికి పోవాలి? ‘చెప్పను’ అన్నా బతుకు సాగే చోట ఆ చిప్పు నా కాపలాదారు. సాగని చోట, జీతం నేనిస్తున్నా, అది వాళ్ళ మనిషే.