అభయదానము – రాజ్యధర్మము

శ్రావకుడు చేయవలసిన దానములు నాలుగని జైన శాస్త్రములు చెప్పుచున్నవి: ఆహారము, ఔషధము, శాస్త్రము, అభయము. మొదటి మూడును చేతితో ఇయ్యదగినవి. నాలుగవదానికి రూపము లేదు. ఎదుటి జీవి మనస్సులోని భయమును తీర్చుటయే అభయదానము. ఇట్టి దానమును ఒక ప్రభుత్వము చేయగలదా? అమెరికా దేశపు అనుభవము ఈ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పుచున్నది.

1929లో న్యూయార్కు షేరు బజారు కూలిన పిమ్మట ఆ దేశమున వ్యాపారము స్తంభించెను. 1933 నాటికి పనివారిలో ఇంచుమించు నలుగురికి ఒకరు పని లేక యుండిరి. వేలకొలది బ్యాంకులు మూతపడెను. ఒక బ్యాంకు పోయినదని వినగానే జనము మంచి బ్యాంకు ముందును బారులు తీరిరి. ఎంత నిజాయితీ గల షావుకారైనను అందరి సొమ్మును ఒక్కనాడే తిరిగి ఇయ్యలేడని వ్యాపారులకు వేరుగ చెప్పనక్కరలేదు.

1933 మార్చి 4న అధ్యక్ష పదవి స్వీకరించిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు, 6వ తేదీన బ్యాంకులన్నిటికి సెలవు ప్రకటించెను. 12వ తేదీన రేడియోలో ప్రజలకు సంగతి విడమరచి చెప్పెను. మరునాటి నుండి బాగున్న బ్యాంకులు వరుసగా తెరువబడగా, జనము తీసికొన్న సొమ్మును మరల తెచ్చి దాచుకొనిరి. 1934 జనవరి 1 నుండి ఒక్కొక్కరి డిపాజిట్టుకు 2,500 డాలర్ల వరకు బీమా ఏర్పడెను. పని లేని యువకులచే అడవులలో చెట్లు నాటించి కూలి ఇచ్చిరి. 1935లో వృద్ధులకు పింఛను చట్టము వచ్చెను. ఇవి అభయదానములే.

అయితే 1933లోనే ఆ ప్రభుత్వము, పంటకు ధర పలుకవలెనని, ఇంచుమించు కోటి ఎకరముల ప్రత్తి పైరును దున్నించెను. 60 లక్షల పందులను కొని చంపించెను. వానిలో అధికభాగము పిల్లలే. ఆకలిగొన్నవారుండగా ఇదేమి పని యని ఆ దేశస్థులే నిందించిరి. ధర లేనిచో రైతు పొలము వేలమునకు పోవుననుట నిజమే. కాని ఒకరి భయము తీర్చుటకు వేరొక ప్రాణిని బలి యిచ్చినచో భయము తీరినట్లు కాదు, చోటు మారినట్లు. మనుష్యుల విషయమునను ఇట్లే జరిగినది. ప్రత్తి సాగు తగ్గించినందుకు ఇచ్చిన సొమ్ము ఎక్కువగా భూస్వాములకు చేరెను. కౌలుదార్లు అనేకులు సాగు కోల్పోయిరి.

భారతదేశమునను 1960లో పాలాయి సెంట్రల్ బ్యాంకు, అకోలాలోని లక్ష్మీ బ్యాంకు పడిపోయిన పిమ్మట, 1962 జనవరి 1 నుండి 1,500 రూపాయల వరకు డిపాజిట్టు బీమా వచ్చెను. 2020 నుండి ఆ పరిమితి 5 లక్షలు. ఇది ఎవరి కడుపును కొట్టని అభయము.

చట్టములకు వర్తించు ఈ కొలతబద్ద దుకాణమునకును వర్తించును. చెడ్డకాలమున గుమాస్తాను తొలగించియు, చిన్న వర్తకుని బాకీ నిలిపియు తన పెట్టుబడిని కాపాడుకొన్నవాడు, తన భయమును వారి ఇండ్లకు పంపినవాడే. ఆ పిమ్మట ఎంత అన్నదానము చేసినను ఆ పద్దు తీరదు. దీపావళినాడు కొత్త లెక్కల పుస్తకము తెరచునపుడు, దానఖాతాలో ఎంత వ్రాసితిమని చూచుకొనుటతో పాటు, ఈ యేడు ఎవరి భయమును తీర్చితిమి, ఎవరి నెత్తిన వేసితిమి అనియు ప్రతి శ్రావకుడు విచారించుకొనవలెను.